ఆలన్ ట్యూరింగు: ఇతరులు సరిచూడగల లెక్క

బరంపురమునకు సమీపమున, సముద్రతీరమునకు చేరువగానున్న ఛత్రపురము మన పాఠకులలో పలువురు ఎరిగిన ఊరే. గంజాం జిల్లాకు అది ముఖ్యపట్టణము. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఆ ప్రాంతము మదరాసు రాజధానిలో చేరియుండెను. ఆ కాలమున, 1911 మార్చి నెలలో, జూలియస్ మాథిసన్ ట్యూరింగు అను ఆంగ్లేయోద్యోగి తన భార్యయైన ఎథెల్ సారాతో ఛత్రపురమునకు వచ్చి కాపురముండెను. అతడు ఇండియన్ సివిల్ సర్వీసునకు చెందినవాడు. 1896లో ఈ దేశమునకు వచ్చి బళ్ళారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో పనిచేసి, తెలుగు భాషను నేర్చుకొనెను. వివాహానంతరము పార్వతీపురము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము మొదలగు చోట్ల ఉద్యోగము చేసెను. అతని భార్య తమిళదేశమునందలి పోదనూరులో జన్మించినది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మదరాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరుగా నుండెను.

ఛత్రపురమున ఉండగనే ఎథెల్ సారా రెండవసారి గర్భవతి యయ్యెను. ప్రసవమునకు ముందుగా దంపతులు స్వదేశమునకు వెళ్ళిరి. 1912వ సంవత్సరము జూను 23వ తేదీన లండను నగరమున ఆమెకు రెండవ కుమారుడు కలిగెను. ఆ శిశువునకు ఆలన్ మాథిసన్ అని పేరిడిరి. కంప్యూటరు శాస్త్రమునకు మూలపురుషులలో ఒకడని లోకము కొనియాడు ఆలన్ ట్యూరింగు ఇతడే.

యుద్ధకాలమున శత్రువుల రహస్యలిపిని ఛేదించిన వానిగా ఇతనిని పలువురు ఎరుగుదురు. యంత్రములు ఆలోచింపగలవా అను ప్రశ్నను లేవదీసిన వానిగాను ఎరుగుదురు. మేము ఈ వ్యాసమున ఇతని జీవితమును చెప్పుచు, ఇతని కృషిలో అంతగా ప్రచారము పొందని ఒక భాగమును విశేషముగా వివరింపదలచితిమి. యంత్రముచేత ఒకే పనిని మరల మరల చేయించునట్టి వ్రాతను మరియొకడు చదివి నమ్ముట ఎట్లు? మన పిల్లలు పాఠశాలలో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్న ఈ దినములలో ఈ ప్రశ్న మన ఇండ్లకును చేరినది.

ఆలన్ బాల్యము తల్లిదండ్రులకు దూరముగా గడచెను. తండ్రి ఉద్యోగము భారతదేశమున. ఇచ్చటి ఎండలు పసివానికి పడవని భయము. అందుచేత ఇతనిని, అన్నయైన జాన్‌ను ఇంగ్లండు దక్షిణతీరమునందలి సెయింట్ లెనార్డ్స్ అను ఊరిలో ఒక సైనికోద్యోగి కుటుంబమున ఉంచిరి. తల్లి కొంతకాలము వచ్చి ఉండుటయు, మరల ఓడనెక్కి పోవుటయు జరుగుచుండెను. చదువుట మాత్రము ఆలన్‌కు మూడు వారములలో తనంతట తానే అబ్బెను. అంకెలయందు అంతకన్న ముందే ఆసక్తి కలిగెను. దారిలో కనబడు ప్రతి దీపస్తంభముమీది సంఖ్యను నిలిచి చూచుచుండెడివాడని చెప్పుదురు.

అయితే ఇతని చేతివ్రాత మిక్కిలి చెడ్డది. కాగితమునిండ సిరామరకలు, కొట్టివేతలు, వంకర పంక్తులు. 1926లో చేరిన షెర్బోర్న్ పాఠశాలలో ఉపాధ్యాయులు ఈ అలసత్వమును గూర్చి నివేదికలలో పలుమారులు ఫిర్యాదు చేసిరి. ఉత్తరము సరిగా వచ్చినను, అది వచ్చిన మార్గము కాగితముమీద కనబడకుండుట వారికి ఆక్షేపణీయముగా తోచెను. ఇతని మనస్సు మూడు మెట్లు ఒక్కసారి దుముకుచుండెను. చదువువాడు వెనుక మిగిలిపోవుచుండెను. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

పట్టుదల మాత్రము చిన్ననాడే కనబడెను. షెర్బోర్న్‌లో చేరవలసిన దినమున ఇంగ్లండులో సార్వత్రికపు సమ్మె జరుగుచుండెను. రైళ్ళు నిలిచిపోయెను. పదమూడేండ్ల ఆలన్ సౌథాంప్టన్ రేవునుండి సుమారు 60 మైళ్ళ దూరము సైకిలుమీద పయనించి, నడుమ ఒక రాత్రి సత్రమున విశ్రమించి, పాఠశాలకు చేరుకొనెను. అచ్చటనే క్రిస్టఫర్ మోర్కమ్ అను సహాధ్యాయి ఇతనికి ప్రాణమిత్రుడయ్యెను. నక్షత్రములు, రసాయనములు, గణితసమస్యలు వారి మాటలకు విషయములు. మోర్కమ్ పనిలో శుభ్రత, క్రమము ఆలన్‌ను ఆకర్షించెను. 1930 ఫిబ్రవరిలో ఆ మిత్రుడు క్షయవ్యాధివలన అకాలమరణము చెందెను. ఆ దుఃఖము ఆలన్‌ను చిరకాలము వెంటాడెను. మిత్రుడు చేయవలసియుండిన పనిని తాను చేయవలెనను సంకల్పముతో ఇతడు చదువున నిమగ్నుడయ్యెను.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించి, 1935లో, ఇరువదిరెండేండ్ల వయస్సున, ఆ కళాశాలకే ఫెలోగా ఎన్నికయ్యెను. మరుసటి సంవత్సరము ఇతడు రచించిన గణితవ్యాసము ఒక నూతన శాస్త్రమునకు పునాదియైనది. అందు ఇతడు ఒక కల్పితయంత్రమును వర్ణించెను. గళ్ళుగా విభజింపబడిన అంతులేని కాగితపు పట్టీ; ఒక సమయమున ఒక్క గడినే చూడగల యంత్రము; గడిలోని గుర్తును చదువుట, మార్చుట, కుడికో ఎడమకో జరుగుట, ఇంతే దాని పని. ఈ అల్పసాధనముతో, ఒక నియమావళిని అనుసరించి మానవుడు చేయగల ఏ గణననైనను చేయవచ్చునని ఇతడు హేతువులతో వాదించెను.

ఆ వ్యాసముననే మరియొక సత్యము వెల్లడియైనది. యంత్రము ఒకే నియమమునకు మరల మరల వచ్చుచుండును. మన గానుగను తలచుకొనుడు. ఎద్దు చుట్టు తిరుగుచున్నంతసేపు నూనె దిగుచుండవచ్చును. నువ్వులు అయిపోయిన తరువాతను అది ఊరక తిరుగుచుండవచ్చును. ఏ యంత్రము ఫలితమునిచ్చుచు సాగును, ఏది నిష్ఫలముగా చుట్టులో చిక్కుపడును అని అన్ని యంత్రములకును చెల్లునట్లు ముందుగా తేల్చిచెప్పగల సర్వసాధారణ విధానమేదియు లేదని ఇతడు ఋజువు చేసెను. తరువాతి పండితులు దీనినే, యంత్రము ఆగునా ఆగదా అను ప్రశ్నగా చెప్పుచున్నారు. దీని ఫలితార్థము పెద్దది. ఎవడు ఒక ఆవృత్తిని, అనగా కంప్యూటరు భాషలో లూపు అనబడుదానిని, వ్రాయునో వాడే అది ఆగుననుటకు హేతువును చూపవలెను. ఆ భారమును అన్ని సందర్భములలోను మోయగల యంత్రము లేదు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున అలోంజో చర్చి అను గణితజ్ఞునివద్ద చదివి, 1938లో డాక్టరు పట్టమును పొంది ఇతడు స్వదేశమునకు తిరిగివచ్చెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రకటింపబడెను. మరునాడే ఇతడు బ్లెచ్లీ పార్కు అనుచోట రహస్యలిపుల శాఖలో చేరెను. జర్మనులు ఎనిగ్మా అను యంత్రముతో సందేశములను మరుగుపరచుచుండిరి. వానిని ఛేదించుటకు బాంబ్ అను పేరుగల యంత్రమును ఇతడు రూపొందించెను. గోర్డన్ వెల్చ్‌మన్ దానికి ముఖ్యమైన మెరుగు చేర్చెను. అట్లాంటిక్ సముద్రమున ఆహారపు ఓడలను ముంచుచుండిన జలాంతర్గాముల సందేశములు చదువబడెను. 1946లో ప్రభుత్వము ఇతనికి బిరుదమునిచ్చెను గాని, చేసిన పని రహస్యముగనే ఉండిపోయెను. 1970 తరువాతనే అది లోకమునకు తెలిసెను.

1945లో ఇతడు టెడ్డింగ్టన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి, ఏస్ అను కంప్యూటరునకు నమూనాను సమగ్రముగా వ్రాసెను. 1946 మార్చిలో అది అధికారుల ముందుంచబడెను. ఆ నివేదికయందు ఒక చిన్న ఉపాయమున్నది. ఒక పెద్ద పని నడుమ చిన్న పని చేయవలసివచ్చినపుడు, చిన్నది ముగిసిన వెంటనే ఎచ్చటికి తిరిగిరావలెనో యంత్రము గుర్తుంచుకొనవలెను కదా! ఆ చిన్న పని నడుమ ఇంకొక పని తగిలిన, దాని గుర్తును మొదటి గుర్తుపై ఉంచవలెను. పని ముగిసినపుడు పైనున్న గుర్తునే ముందు తీయవలెను. గుర్తునుంచుటకు పూడ్చుట అనియు, తీయుటకు త్రవ్వుట అనియు అర్థమిచ్చు పేర్లను ట్యూరింగు ఎంచుకొనెను.

మన ఇండ్లలో కుండల దొంతరను చూడనివారుండరు. పైకుండను దింపనిదే క్రిందికుండ చేతికి రాదు. కడపట పెట్టినది మొదట వచ్చును. కంప్యూటరు శాస్త్రమున స్టాకు అనబడునది ఈ దొంతరయే. 1957 ప్రాంతమున జర్మనీలో బాయర్, సామెల్సన్ అనువారును, ఆస్ట్రేలియాలో హాంబ్లిన్ అనువాడును ఈ ఊహకే స్వతంత్రముగా వచ్చిరి. వారికి పదేండ్లకు పూర్వమే ట్యూరింగు దానిని కాగితముపై పెట్టియుండెను.

నమూనా సిద్ధమైనను యంత్రనిర్మాణము ముందుకు సాగలేదు. కార్యాలయములలో ఆలస్యములు పెరిగెను. ట్యూరింగు విసుగు చెందెను. ఆ దినములలో ఇతడు దూరపు పరుగులయందు మనస్సు నిలిపి, 1947లో మారథాన్ పందెమును 2 గంటల 46 నిమిషముల 3 సెకండ్లలో ముగించెను. 1948లో ఆ ప్రయోగశాలను విడిచి మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. అచ్చట ఆ సంవత్సరము జూను 21వ తేదీననే, తన జ్ఞాపకములో నిలువచేసికొన్న ప్రోగ్రామును నడపిన చిన్న కంప్యూటరు పనిచేయ మొదలుపెట్టియుండెను. కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అను యంత్రము 1949 మే 6వ తేదీన తన మొదటి లెక్కను చేసెను. ఆ సందర్భమున జరిగిన సభలో, జూను 24వ తేదీన, ట్యూరింగు ఒక చిన్న ప్రసంగము చేసెను. అచ్చువేసిన అది మూడు పుటలే. పెద్ద ప్రోగ్రామును సరిచూచుట దాని విషయము.

ఇతడు బాలురెరిగిన కూడికతో ఆరంభించెను. మనము మరియొక లెక్కతో ఆ భావమును చూతము. 478, 365, 289, 157 అను నాలుగు సంఖ్యలను కూడి 1289 అని ఒక బాలుడు చెప్పెననుకొనుడు. సరిచూచువాడు మొత్తము లెక్కను తానే మరల చేయవలెను. ఆ బాలుడు ఒకట్ల స్థానమున 29 వచ్చినది, 2 ఎక్కించితిని. పదుల స్థానమున 28 వచ్చినది, 2 ఎక్కించితిని. వందల స్థానమున 12 వచ్చినది అని అంచున వ్రాసియుంచినచో, సరిచూచు పని ముక్కలుగా విడిపోవును. ఒకడు ఒకట్లను, ఇంకొకడు పదులను, వేరొకడు వందలను చూడవచ్చును. ఎవని పని వానిది. మూడును సరియైనచో మొత్తమును సరియే. ప్రోగ్రాము వ్రాయువాడును ఈ విధముగనే, మార్గమునందలి ముఖ్యస్థానములలో, ఇచ్చటికి వచ్చునప్పటికి ఏది నిజమై యుండునో వ్రాసి పెట్టవలెనని ట్యూరింగు బోధించెను.

ఇతడు తీసికొనిన ఉదాహరణము క్రమగుణితము. 1, 2, 3, 4, 5 అను సంఖ్యలను వరుసగా హెచ్చవేయగా 120 వచ్చును. హెచ్చవేత తెలియని యంత్రముచేత కూడికతోనే దీనిని చేయింపవలెను. 24ను అయిదుమారులు కూడిన 120 అగును. ఇది లోపలి చుట్టు. ఆ విధముగా ఒక్కొక్క సంఖ్యకును సాగుట వెలుపలి చుట్టు. చుట్టులో చుట్టు తిరుగుచుండగా ఐదు స్థానములలోని విలువలు మారుచుండును. వ్రాసినవానికి తప్ప అన్యులకు అది అడవి. ట్యూరింగు ఆ మార్గమును పటముగా గీచి, ప్రతి మలుపునను ఏ స్థానమున ఏ విలువ ఉండవలెనో పట్టికగా ఇచ్చెను. అంతటితో నిలువక, ప్రతి అడుగునను తప్పక తగ్గుచు పోవు ఒక పరిమాణమును చూపుమనెను. తగ్గునది ఒకనాటికి అడుగంటవలసినదే. కనుక చుట్టు ఆగితీరును. 1936లో ఇతడు కనుగొనిన సత్యమునకు ఇది ఆచరణయందలి సమాధానము. అన్నిటికిని ఒకే పరీక్ష లేదు గనుక, ప్రతి ఆవృత్తికిని దాని కర్తయే సాక్ష్యమును జతపరచవలెను.

ఈ ప్రసంగమునకు పట్టిన గతి విచారకరము. సభావృత్తాంతమున అచ్చుపడినపుడు అందు చిహ్నములు మారిపోయెను, తప్పులు దొరలెను. సరిచూచు విధానమును చెప్పు వ్రాతయే సరిచూడబడక లోకమున ప్రవేశించెను. దానిని పట్టించుకొనినవారు లేరు. 1967లో అమెరికాలో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో ఇంగ్లండువాడైన టోనీ హోర్ ఈ విషయమును స్వయముగా ఆలోచించి శాస్త్రముగా స్థాపించిరి. 1984లో మోరిస్, జోన్స్ అను పండితులు ట్యూరింగు వ్యాసమును తప్పులు దిద్ది, వ్యాఖ్యానముతో మరల ప్రకటించిరి. నడుమ ముప్పదియైదేండ్లు గడచిపోయెను.

ఇక దొంతర సంగతికి వత్తము. 1970 ప్రాంతమున అమెరికాలో చార్లెస్ మూర్ అను ఆయన ఫోర్త్ అను భాషను దూరదర్శినులను నడపుటకు ఉపయోగించెను. ఇందు సంఖ్యలన్నియు దొంతరపై ఉండును. 3, 4 అని వ్రాసి కూడుమన్నచో, పైనున్న రెండును దిగి వానిచోట 7 నిలుచును. చిన్న యంత్రములకు ఇది మిక్కిలి అనుకూలము. చదువువానికి మాత్రము ఒక కష్టమున్నది. దొంతరలోని సంఖ్యలకు పేర్లు లేవు. వాని స్థానమే వాని గుర్తు. పైది క్రిందికి, క్రిందిది పైకి మారుచుండగా, ఏ సంఖ్య ఏమిటో చదువరి తన మనస్సులో మోయవలెను. ఒక్కమారు జరుగు పనియైన మోయవచ్చును. అదే చుట్టు తిరుగు పనియైనచో, ప్రతి చుట్టునందును మోయవలెను. చుట్టునకొక సంఖ్య అదనముగా మిగిలిన దొంతర పెరిగి కూలును. చుట్టునకొకటి తగ్గిన అడుగంటును.

ఉదాహరణమునకు, 1 మొదలు మనము చెప్పిన సంఖ్యవరకు కూడు పనిని తీసికొందము. అనుభవము చాలనివాడు దానిని ఫోర్త్‌లో ఒకే పంక్తిగా ఇట్లు వ్రాయును:

0 స్వాప్ బిగిన్ డూప్ 0> వైల్ డూప్ రాట్ + స్వాప్ 1- రిపీట్ డ్రాప్

ఇది తప్పు కాదు. యంత్రము సరిగనే నడచును. ఇందు డూప్ అనగా పైసంఖ్యకు మరొక ప్రతి చేయుట. స్వాప్ అనగా పై రెంటిని తారుమారు చేయుట. రాట్ అనగా మూడవదానిని పైకి తెచ్చుట. డ్రాప్ అనగా పైదానిని పారవేయుట. బిగిన్ చుట్టునకు మొదలు, రిపీట్ దానికి చివర, వైల్ అనునది లోనికి పోవలెనా వలదా అని నిర్ణయించు ద్వారము. అయినను, ఇది ఏమి చేయుచున్నదని అడిగిన ఒక్కసారిగా చెప్పగలవారు అరుదు. ఫోర్త్ భాషలో ఖాళీస్థలముల నడుమ నున్న ఏ అక్షరసముదాయమైనను ఒక మాట కాగలదు. తెలుగు లిపిని గ్రహించు నేటి వ్యవస్థలలో తెలుగు మాటలనే కల్పించుకొనవచ్చును. అప్పుడు అదే పని ఇట్లుండును:

మొత్తము-సున్న
బిగిన్ ( మొత్తము లెక్క )
లెక్క-మిగిలెనా? వైల్
కలిపి-తగ్గించు
రిపీట్
లెక్కను-విడుచు

మొదటి పంక్తిలోని 0 స్వాప్ అనునవి మొత్తము-సున్న అను మాటలోనికి, డూప్ 0> అనునవి లెక్క-మిగిలెనా? అను మాటలోనికి, డూప్ రాట్ + స్వాప్ 1- అనునవి కలిపి-తగ్గించు అను మాటలోనికి పోయినవి. డ్రాప్ అనుదానికి లెక్కను-విడుచు అని పేరు పెట్టితిమి. కుండలీకరణములలో నున్నది యంత్రమునకు పట్టదు. చదువువాని కొరకే అది. చుట్టు మొదట దొంతరపై రెండు సంఖ్యలున్నవి, పైన లెక్క, దాని క్రింద మొత్తము అని అది తెలుపును.

ఇప్పుడు ట్యూరింగు చెప్పిన విధమున సరిచూతము. 4తో ఆరంభించిన, మొత్తము 0, లెక్క 4. ఒక చుట్టు తిరిగిన పిమ్మట 4, 3. ఆపై 7, 2. ఆపై 9, 1. కడపట 10, 0. ప్రతిచోటను ఒక విషయము నిజమై యున్నది: అప్పటివరకు కూడిన మొత్తమునకు, మిగిలిన లెక్కవరకు కూడవలసినదానిని చేర్చిన 10 అగును. మొదట 0, 10, పిదప 4, 6, 7, 3, 9, 1, కడపట 10, 0. లెక్క ప్రతి చుట్టునందును ఒకటి చొప్పున తగ్గుచున్నది గనుక చుట్టు ఆగును. ఆగునప్పటికి కూడవలసినది ఏమియు లేదు గనుక మొత్తమే జవాబు. చుట్టునకు ముందును వెనుకను దొంతర ఎత్తు సమానముగా నున్నది. 0తో ఆరంభించిన, ద్వారము తెరువబడదు, జవాబు 0. ఈ నాలుగు విషయములను అంచున వ్రాసినచో, ఫోర్త్ తెలియని తల్లియో తండ్రియో కూడ పెన్సిలుతో సరిచూడగలరు.

ట్యూరింగు తాను బోధించినదానిని ఎల్లప్పుడు ఆచరించెనని మేము చెప్పజాలము. మాంచెస్టరు కంప్యూటరు కొరకు ఇతడు తయారుచేసిన ఉపయోగదర్శినిలో ప్రోగ్రాములు 32 టెలిప్రింటరు గుర్తులతో ఉండెడివి. సంఖ్యలను చిన్న స్థానము ఎడమవైపున వచ్చునట్లు తిరుగవేసి వ్రాయవలెను. ఇతనికి అది సులభము; ఇతరులకు పెద్ద కష్టము. బాల్యమున ఉపాధ్యాయులు కనిపెట్టిన లోపము పెద్దవాడైన పిదపను పూర్తిగా పోలేదు. అయినను తన ఆలోచనావేగమును ఇతరులు అందుకొనలేరని గ్రహించి, వారు నడచి రావలసిన మెట్లను 1949లో కట్టి చూపినవాడు ఇతడే. తన లోపము తెలిసినవాడే దానికి మందు వెదకుట లోకమున ఉన్నదే.

1950లో ఇతడు యంత్రముల బుద్ధిని గూర్చి ప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటించెను. 1951లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యెను. 1952లో జంతువుల శరీరముపై మచ్చలు, చారలు ఎట్లు ఏర్పడునో గణితముతో వివరించెను. ఆ సంవత్సరముననే ఇతనికి ఆపద సంభవించెను. పురుషునకు పురుషునిపై గల అనురాగమును అప్పటి ఆంగ్లదేశపు చట్టము నేరముగా నెంచుచుండెను. ట్యూరింగు తన స్వభావమును దాచక చెప్పెను. న్యాయస్థానము ఇతనిని దోషిగా నిర్ణయించి, చెరసాలకు మారుగా ఒక సంవత్సరము హార్మోను మందుల చికిత్సకు లోబరచెను. రహస్యలిపి శాఖలో ఇతనికి ఇక ప్రవేశము లేకపోయెను. దేశమునకు చేసిన సేవను బహిరంగముగా చెప్పుకొనుటకును వీలులేకపోయెను.

1954వ సంవత్సరము జూను 7వ తేదీన, విల్మ్‌స్లో పట్టణమునందలి తన ఇంట, సయనైడు విషముచేత ఇతడు మరణించెను. నలువదిరెండవ పుట్టినదినమునకు పదునారు దినములు తక్కువ. విచారణాధికారి ఆత్మహత్య యని తీర్పు చెప్పెను. ప్రయోగములు చేయుచుండగా అజాగ్రత్తవలన జరిగినదని తల్లి కడవరకు విశ్వసించెను. ఛత్రపురమునుండి గర్భమున మోసికొనిపోయిన ఆ తల్లియే, కుమారుడు పోయిన ఐదేండ్లకు, 1959లో, అతని జీవితచరిత్రను వ్రాసి ప్రకటించెను. అప్పటికి యుద్ధరహస్యములు వెల్లడి కాలేదు; కుమారుడు చేసిన మహాకార్యమేదియో ఆమెకు పూర్తిగా తెలియదు.

2009లో బ్రిటిషు ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వ పక్షమున క్షమాపణ చెప్పెను. 2013 డిసెంబరు 24వ తేదీన ఇతనికి రాజక్షమాపణ లభించెను. 2021లో ఇంగ్లండు బ్యాంకు ఇతని చిత్రమును 50 పౌన్ల నోటుపై ముద్రించెను. ఒక లెక్కలోని తప్పును అంచునగల గుర్తులను బట్టి ఒక దినమున దిద్దవచ్చును. ఒక మనుష్యునిపట్ల సమాజము చేసిన తప్పును దిద్దుకొనుటకు అరువది ఏండ్లు పట్టినది. దిద్దునప్పటికి ఆ మనుష్యుడు లేడు.

విద్యార్థులారా! మీరు వ్రాయు లెక్క మీకు అర్థమైన చాలునని తలపకుడు. చుట్టు తిరుగు పనిని వ్రాయుటకు ముందు, ప్రతి చుట్టు మొదటను ఏది నిజమై యుండునో ఒక వాక్యముగా వ్రాయుడు. ప్రతి చుట్టునను ఏది తగ్గుచున్నదో మరియొక వాక్యముగా వ్రాయుడు. ఆ రెండు వాక్యములను ముందుగా తెలుగులో వ్రాయుడు. మాతృభాషలో ఆ వాక్యము కుదురనిచో, ఆ పని మీకు ఇంకను బోధపడలేదని తెలిసికొనవలెను; కుదిరినచో, ఏ యంత్రపు భాషలోనికైనను దానిని తీసికొనిపోవచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మన చుట్టు వేరు భాషలు వినవచ్చుచున్నవి. యంత్రముల మాటలు ఇంకను వేరు. అందుచేత పిల్లవాని కంప్యూటరు పాఠము తమకు సంబంధింపనిదని పలువురు తొలగిపోవుచున్నారు. సాయంకాలమున ఆ పలకముందు ఒక్క క్షణము కూర్చుండి, ఇది ఎప్పుడు ఆగును, ఎందుకు ఆగును అని తెలుగున అడుగుడు. ట్యూరింగు కోరిన పరీక్షకులు మీరే కావచ్చును.